రీలు కడగడంలో నీళ్ల లెక్క

విజయనగరంలో ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము డెవలప్ చేసుకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. నిరుడు సిరిమానోత్సవం నాడు తీసిన ఇల్ఫోర్డ్ కంపెనీ వారి హెచ్‌పీ5 ఫిల్ము రీలు ఏడాది తిరగకుండానే అంచుల దగ్గర పసుపుకు, అక్కడక్కడ గోధుమ రంగుకు తిరిగిందన్నారు. ఈ ఏప్రిల్‌లో కడిగిన రీళ్లలో ఒకదాని మీద సున్నపు చుక్కల్లాంటి తెల్లటి మచ్చలు, ఇంకొకదాని మీద పాలపొర వంటి మసక కనిపిస్తున్నాయన్నారు. అరగంట సేపు పారే నీటిలో కడగాలని పాత పుస్తకాలు చెబుతుంటే, రోజుకు ఒక్క గంట వచ్చే కుళాయితో అది ఎలా సాధ్యమన్నది మూడోది. పసుపు, తెల్లటి చుక్కలు, పాలపొర మూడింటికీ నీళ్లే కారణమని మీరు అనుకుంటున్నారు. నా అనుభవంలో ఒకదానికి మాత్రమే నీళ్లు కారణం, ఒకటి పూర్తిగా హైపో, అంటే ఫిక్సర్ వల్ల వచ్చింది, మూడోదానిలో రెండింటికీ వాటా ఉంది.

శ్రీకాకుళంలో మా మేనమామ గారి స్టూడియోలో నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో డెవలప్ చేయడం అనే మాట ఎవరూ అనేవారు కారు. రీలు కడగడం అనేవారు. డెవలపర్, హైపో, నీళ్లు, ఆరబెట్టడం అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయేవి. అయితే పెళ్లిళ్ల సీజన్‌లో, పార్టీ బయట బల్ల మీద కూర్చుని తొందర పెడుతున్నప్పుడు, అన్నిటికంటే ముందు కోత పడేది అసలు కడగడానికే. ఆ రోజుల్లో రెండు బకెట్లలో ముంచి తీసిన నెగటివ్‌లు ఈరోజు చూస్తే ఏవి నిలిచాయో, ఏవి పోయాయో వాటి రంగే చెబుతుంది.

ముందుగా మీ పాలపొర సంగతి చూద్దాం. డెవలపర్‌లో వెలుగు తగిలిన వెండి లవణం నల్లటి వెండిగా మారుతుంది, వెలుగు తగలనిది అలాగే ఉండిపోతుంది. ఆ మిగిలినదానిని కరిగించి బయటకు పంపడమే ఫిక్సర్ పని. ఈ కరగడం ఒక్క దెబ్బతో జరిగేది కాదు. ఫిక్సర్‌లో పని చేసే థయోసల్ఫేట్ (అదే హైపో లవణం) తగినంత ఉన్నప్పుడు వెండి నీటిలో బాగా కరిగే రూపానికి చేరుతుంది. ఫిక్సర్ నీరసించి, అందులో అప్పటికే వెండి పేరుకుని ఉంటే, సగం దారిలో ఆగిపోయిన, నీటిలో సరిగా కరగని పదార్థం ఫిల్ము మీది జెలటిన్ పొరలోనే మిగిలిపోతుంది. దానిని అరగంట కాదు, అరపూట కడిగినా నీళ్లు తీసుకుపోలేవు. కంటికి కనిపించే మసకైతే లవణం ఇంకా కరగనే లేదని అర్థం. కంటికి కనిపించకుండా మిగిలినది కొన్ని నెలల తరువాత పసుపు మరకగా బయటపడుతుంది. కాబట్టి మీ సిరిమానోత్సవం రీలుకు పట్టిన పసుపును నీళ్ల మీదికి నెట్టే ముందు, ఆ రోజు మీరు వాడిన ఫిక్సర్ ఎన్నో రీలుదో గుర్తు చేసుకోండి.

ఫిక్సర్‌ను సీసా మీద రాసుకున్న తేదీని చూసి నమ్మకండి. ఫిల్ము తోకనే అడగండి. రీలును ట్యాంకులో పెట్టే చుట్ట, అంటే స్పూలుకు ఎక్కించే ముందు కత్తిరించి పారేసే నాలుక ముక్క ఉంటుంది కదా, దాని మీద పగటి వెలుతురులోనే ఒక్క ఫిక్సర్ చుక్క వేసి అర నిమిషం ఆగండి. తరువాత ముక్క మొత్తాన్ని ఫిక్సర్ ఉన్న గాజు గ్లాసులో వేసి, గడియారం చూస్తూ కదుపుతూ ఉండండి. చుక్క పడిన చోట గుండ్రటి కిటికీలాగా ముందు తేటపడుతుంది, చుట్టూ ఉన్న భాగం బూడిద రంగులో మసకగా ఉంటుంది. క్రమంగా ఆ గుండ్రం అంచు కరిగిపోయి, చుక్క ఎక్కడ వేశారో వెతికినా దొరకని క్షణం వస్తుంది. గ్లాసులో వేసినప్పటి నుంచి ఆ క్షణం దాకా పట్టిన కాలమే తేటపడే కాలం. ఫిల్మును దానికి రెట్టింపు కాలం ఫిక్సర్‌లో ఉంచాలి, టీ-మ్యాక్స్, డెల్టా వంటి ఫిల్ములైతే మూడు రెట్లు ఉంచాలి. కొత్తగా కలిపిన రోజు వచ్చిన కాలాన్ని సీసా మీద రాసిపెట్టుకోండి. అదే ఫిల్ముకు ఆ కాలం రెట్టింపు అయిన రోజున ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టే. నేను ప్రతి రీలుకూ ఈ పరీక్ష చేస్తాను. పట్టేది మూడు నాలుగు నిమిషాలు, ఖర్చు పారేసే ముక్క.

మీరు హైపో పలుకులు కొని స్వయంగా కలుపుకుంటున్నామన్నారు కాబట్టి ఇంకొక మాట. లీటరుకు 250 గ్రాములు అన్నది పటికబెల్లం ముక్కల్లాగా కనిపించే పలుకుల లెక్క. అందులో నీటి వంతు చాలా ఉంటుంది. ఆ నీరు లేని అనార్ద్ర రూపంలో ఉన్న మెత్తటి పొడి దొరికితే 160 గ్రాములు దానికి సమానం. ఈ పలుకులు కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాగేసుకుంటాయి. మామూలు నీటిలో వేసి కలిపితే కొద్దిసేపటికే స్టీలు గిన్నె బయటంతా చెమట పట్టి, చేతికి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు తగులుతుంది. అందుకే వేడి నీటిలో కరిగించి, మిగిలిన వాటి వేడికి వచ్చేదాకా ఆగాలి. నా పద్దెనిమిదో ఏట, మే నెలలో, 30 డిగ్రీలు దాటిన డెవలపర్ నుంచి తీసిన రీలును అప్పుడే కలిపిన చల్లటి హైపోలో దింపాను. ఎండిన తరువాత చూస్తే, బీటలు వారిన చెరువు అడుగులాగా జెలటిన్ అంతా సన్నటి ముడతలు పడి ఉంది. ఆ రీలు ఒక ఉపనయనానిది, ఆ ఇంటివారికి మా మామయ్య ఏం చెప్పుకున్నారో నన్ను అడగనివ్వలేదు. (హైపో అన్న పేరే పొరపాటు పేరు. జాన్ హెర్షెల్ 1819లో ఈ లవణం వెండి లవణాలను కరిగిస్తుందని గుర్తించినప్పుడు దానిని హైపోసల్ఫైట్ అనుకున్నారు. పేరు తప్పని తేలిన తరువాత కూడా స్టూడియోల్లో ఆ మాటే నిలిచిపోయింది.)

వేడి మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతపు అసలు ఇబ్బందిని కూడా చెప్పాలి. డెవలప్ చేసే కాలాల పట్టికలన్నీ 20 డిగ్రీలకు రాసి ఉంటాయి. మనకు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తప్ప కుళాయి నీరు ఆ వేడిలో రాదు. వేసవి మధ్యాహ్నం మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీరు స్నానానికి కాచినట్టే ఉంటుంది. కొత్తవారు మంచుగడ్డలతో 20కి దించాలని తంటాలు పడతారు. డెవలపర్ ఒక్కటీ 20లో ఉండి, హైపో 29లో, కడిగే నీళ్లు 34లో ఉంటే దాని కంటే ప్రమాదం మరొకటి లేదు. అన్నీ 24లో గాని, 26లో గాని ఒక్కటిగా ఉంటే ఫిల్ముకు ఏ హానీ జరగదు. ఇప్పటి పేరున్న ఫిల్ముల జెలటిన్ మునుపటి వాటి కంటే గట్టిది. వెనుకటికి ఎమల్షన్ (వెండి లవణం కలిసిన ఆ జెలటిన్ పొర) మెత్తగా ఉండే రోజుల్లో స్టూడియోలవారు హైపోలో పటిక కలిపేవారు. పటిక జెలటిన్‌ను గట్టిపరిచే మాట నిజమే గాని, దానితో పాటు హైపో బయటకు రావడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. ఇంట్లో తక్కువ నీళ్లతో కడగదలచుకున్నవారు పటిక జోలికి పోకూడదు.

డెవలపర్ కాలాన్ని వేడికి తగ్గట్టు మార్చుకోవడానికి ఇల్ఫోర్డ్ వారు ఇచ్చే సూత్రం సులువైనది. 20 డిగ్రీలలో 4 నిమిషాలు పట్టేది 23 డిగ్రీలలో 3 నిమిషాలలో అవుతుంది, 16 డిగ్రీలలో 6 నిమిషాలు తీసుకుంటుంది. ఐడీ-11 డెవలపర్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడితే హెచ్‌పీ5కు 20 డిగ్రీలలో 13 నిమిషాలు. ఆ లెక్కన 24లో సుమారు 9 నిమిషాలు, 27లో సుమారు ఆరున్నర నిమిషాలు వస్తాయి. నీళ్లు కలపని డెవలపర్‌తో 20లో ఏడున్నర నిమిషాలే కాబట్టి 27కు వచ్చేసరికి నాలుగు నిమిషాల లోపుకు పడిపోతుంది. 5 నిమిషాల కంటే తక్కువ కాలంలో ఆకాశం వంటి చదునైన భాగాలలో చారలు పడే అవకాశం ఎక్కువ. వేసవిలో పలచన చేసి వాడమని నేను చెప్పేది పొదుపు కోసం కాదు, ఆ చారలను తప్పించుకోవడం కోసం.

నేను చేసేది ఇది. ముందు రాత్రి మట్టి కడవలో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెడతాను. గాలి పొడిగా ఉన్న రోజుల్లో తెల్లవారేసరికి నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. కోస్తా గాలిలో ఉక్క ఎక్కువగా ఉన్న రోజున కడవ కూడా పెద్దగా సాయం చేయదు, అప్పుడు మంచుగడ్డలను పాలిథీన్ సంచిలో వేసి మూతి బిగించి, పెద్ద బేసిన్ నీళ్లలో వదులుతాను. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, ఫిక్సర్ సీసాలు, కడగడానికి కావలసిన నీళ్ల సీసాలు నాలుగు, అన్నీ ఆ బేసిన్‌లోనే గంట సేపు నిలబడతాయి. గంట తరువాత బేసిన్ నీటి వేడి ఎంత ఉంటే ఆ రోజుకు అదే నా వేడి. మంచును నేరుగా డెవలపర్‌లో వేసి దానిని తెలియకుండా పలచన చేసుకోవద్దు.

స్పూలుకు ఎక్కించడం గురించి ఒక్క ముక్క. ఆగస్టులో ప్లాస్టిక్ స్పూలు మొరాయిస్తే అది తడి వల్లనే. ఎండలో గాని, తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో గాని దానిని పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ ఎక్కించండి, బలవంతంగా తొయ్యకండి. స్టాప్ బాత్‌కు కిరాణా దుకాణంలో దొరికే రంగు లేని వెనిగర్ ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు చాలు.

ఇక కడగడానికి వద్దాం. అరగంట పారే నీరు అన్న నియమం పటిక కలిపిన హైపోల కాలం నాటిది, పైగా నీటికి కరువు లేని ఊళ్లది. మన ఇళ్లలో బియ్యం కడిగే తీరు గుర్తు చేసుకోండి. గిన్నెను కుళాయి కింద పెట్టి అలా వదిలేస్తే పైనుంచి తేట నీళ్లు పొర్లిపోతుంటాయి గాని అడుగున కుడితి అలాగే ఉంటుంది. మూడు సార్లు చేత్తో కలిపి, మూడు సార్లు పూర్తిగా వంచేస్తే, తక్కువ నీళ్లతోనే బియ్యం తేటపడతాయి. ట్యాంకులోని ఫిల్ము సంగతీ అంతే. జెలటిన్‌లో ఇంకిన హైపో చుట్టూ ఉన్న నీటిలోకి మెల్లగా ఊరుతుంది. లోపల, బయట గాఢత సమానమయ్యాక ఇక ఊరడం ఆగిపోతుంది. అప్పుడు ఆ నీళ్లను పూర్తిగా పారబోసి కొత్త నీళ్లు పోస్తేనే మళ్లీ మొదలవుతుంది. 300 మిల్లీలీటర్లు పట్టే ట్యాంకులో వంచిన తరువాత ఫిల్ముకు, స్పూలుకు 10 మిల్లీలీటర్ల హైపో అంటుకుని ఉందనుకుందాం. ఒక్కసారి నీళ్లు మార్చితే అది ముప్పయ్యో వంతుకు పలచబడుతుంది, రెండోసారికి తొమ్మిది వందల్లో ఒక వంతు, మూడోసారికి 27,000లో ఒక వంతు. ఇంతా కలిపి ఖర్చయ్యేది లీటరు లోపు నీళ్లు.

ఇల్ఫోర్డ్ వారు చెప్పే పద్ధతి ఈ లెక్క మీదనే నిలిచింది. ట్యాంకు నింపి మూత బిగించి 5 సార్లు తలకిందులు చేసి వంచేయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. గట్టిపరిచే పటిక వంటివి లేని ఫిక్సర్‌కే ఇది వర్తిస్తుంది. వారి పద్ధతికి నేను చేర్చుకున్నది ఒక్కటే. ప్రతి మార్పుకూ మధ్య నీళ్లను అలాగే మూడు నాలుగు నిమిషాలు నిలవనిస్తాను, చివర నాలుగోసారి కూడా మారుస్తాను. ఊరడానికి కదలికతో పాటు వ్యవధి కూడా కావాలని నా అభిప్రాయం. మామూలు హైపో పలుకులతో చేసుకునే మీవంటివారికి ఈ నిదానం మరీ అవసరం. మొదటి మార్పు అయ్యాక లీటరుకు 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కరిగించిన నీటిలో 2 నిమిషాలు ఆడిస్తే హైపో ఇంకా త్వరగా వదులుతుంది.

ఈ సల్ఫైట్ కిటుకు వెనుక మన తీరానికి తగిన కథ ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఓడల మీద మంచినీటి కొరత ఉన్నప్పుడు, సముద్రపు నీటితో కడిగిన ఫిల్ము నుంచి హైపో మంచినీటిలో కంటే త్వరగా వదులుతున్నదని గమనించారు. ఉప్పులోని అయాన్లు జెలటిన్‌ను పట్టుకుని ఉన్న థయోసల్ఫేట్‌ను తోసేసి ఆ చోటును తాము తీసుకుంటాయి. సల్ఫైట్ చేసేదీ అదే. నేను సరదాకి ఒకసారి కళింగపట్నం నుంచి సీసాలతో సముద్రపు నీళ్లు తెచ్చి, గుడ్డలో వడగట్టి, ఒక పనికిరాని రీలు కడిగి చూశాను. పని చేసింది. కాని ఉప్పు ఫిల్ములో మిగిలితే, ఏ కాస్త హైపో ఉన్నా వెండి పాడవడాన్ని తొందర చేస్తుంది కాబట్టి చివర మంచినీళ్లతో బాగా కడగక తప్పలేదు. తీరం వెంబడి ఉప్పు దిగిన నూతులున్న ఊళ్లవారు భయపడనక్కరలేదని చెప్పడానికే ఇదంతా. ఆ నీళ్లతో మొదటి మూడు మార్పులు నిస్సంకోచంగా చేసుకోవచ్చు, ఆఖరిది మాత్రం మంచి నీరై ఉండాలి.

చాలినంత కడిగామా లేదా తెలుసుకోవడానికి మందుల దుకాణంలో దొరికే పొటాషియం పర్మాంగనేట్ చాలు. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో కడగడానికి వాడిన నీళ్లే, ఫిల్ము తగలనివి పోయండి. రెండో దానిలో ట్యాంకు నుంచి ఆఖరున వంచిన నీళ్లు పోయండి. రెండింటిలోనూ పలచటి గులాబి రంగు వచ్చేటన్ని పర్మాంగనేట్ చుక్కలు సమానంగా వేసి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టండి. రెండో గ్లాసు రంగు ముందుగా వెలిసిపోయినా, గోధుమకు తిరిగినా హైపో ఇంకా వస్తున్నట్టు. రెండు గ్లాసులు అవసరం ఎందుకంటే, ఇనుము గాని చెత్త గాని ఉన్న బోరు నీళ్లు హైపో లేకుండానే ఆ రంగును తినేస్తాయి. ఒక్క గ్లాసుతో చూసి, నేను కొన్నాళ్లు అనవసరంగా బకెట్ల కొద్దీ నీళ్లు పోశాను.

మీ తెల్లటి చుక్కలు పూర్తిగా నీటి తప్పే. బోరు నీళ్లలోని సున్నం, నీటిబొట్టు ఎండిన చోట మిగిలిపోయింది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతున్నదంటే ఆ నీరు ఆఖరి ముంపుకు పనికిరాదు. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ గాని, ఆర్వో నీళ్లు గాని అర లీటరు తీసుకుని, అందులో తడి సమంగా జారిపోవడానికి వాడే వెటింగ్ ఏజెంటును సీసా మీద చెప్పిన మోతాదులో సగమే కలిపి, ఒక నిమిషం ముంచి, తుడవకుండా వేలాడదీయండి. తడి ఫిల్మును వేళ్లతోను, స్పాంజితోను తుడిచేవారు గీతలను కొని తెచ్చుకుంటారు. అంట్లు తోమే సబ్బు ద్రవాలలో రంగు, వాసన కలుపుతారు కాబట్టి వద్దు. కుంకుడు రసం కూడా వద్దు. నురగ వస్తుంది కదా అని నేను వాడి చూశాను, ఫిల్ము మీద జిగట మిగిలి ధూళినంతా పట్టుకుంది.

ఆరబెట్టడంలో మన శత్రువు దుమ్ము కంటే గాలిలోని తడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన వారంలో కరెంటు లేక, ఏమీ తోచక, నూతి నీళ్లతో రెండు రీళ్లు కడిగాను. కడగడానికి కరెంటు అక్కరలేదు గాని ఆరడానికి ఫ్యానైనా కావాలని ఆ రోజే తెలిసింది. రాత్రి వేలాడదీసినవి మరునాడు మధ్యాహ్నానికి కూడా వేలికి అంటుకుంటూనే ఉన్నాయి. తొందరపడి కవర్లలో పెట్టినవి అతుక్కుని, తీసేటప్పుడు ఎమల్షన్ పొర లేచిపోయింది. వానల్లో పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి. పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. హైపో మిగిలి పాడైన నెగటివ్‌లు నేను ఎన్ని చూశానో, కడగడంలో ఏ లోపమూ లేకపోయినా బీరువాలో బూజు పట్టి పాడైనవి అన్నే చూశాను.

ఇక మీ చేతిలో ఉన్న రీళ్ల సంగతి. పాలపొర పట్టినదాన్ని మామూలు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, కొత్తగా కలిపిన ఫిక్సర్‌లో మళ్లీ ఉంచండి, మసక పోతుంది. తరువాత పైన చెప్పినట్టు కడగండి. తెల్ల చుక్కలున్నవాటిని వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి అందులో రెండు మూడు నిమిషాలు ఆడించి, మంచినీళ్లలో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఆరబెట్టండి, సున్నం కరిగిపోతుంది. సిరిమానోత్సవం రీలు మీద ఇప్పటికే వచ్చిన పసుపు, గోధుమ మరకలు మాత్రం పోవు. అక్కడ వెండి సల్ఫైడ్‌గా మారిపోయింది. ఇంకా పాకకుండా ఆపడానికి దానిని కూడా నానబెట్టి, కొత్త ఫిక్సర్‌లో ఉంచి, సల్ఫైట్‌తో కడగాలి. అయితే ముందుగా సిరిమాను మీద పూజారి కూర్చున్న ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టు స్కాన్ చేసి పెట్టుకోండి. ఆ తరువాత అదే రీలు నుంచి మీకు అక్కరలేని ఒక ముక్కను కత్తిరించి దాని మీద మొత్తం పని చేసి, ఎండాక అద్దంతో చూసి, పొర ఎక్కడా లేవలేదని నమ్మకం కుదిరితేనే మిగిలిన ముక్కలను తడపండి.